డెబ్బై ఒకటో నిమిషం

ఉత్తరం డెబ్బై ఒకటో నిమిషంలో వస్తుంది. ఇప్పుడు ఇరవై ఆరు నడుస్తోంది. గోడకవతల వాన మొదలైంది కాబట్టి తెలిసింది, నా సినిమాలో వాన ఇరవై ఆరో నిమిషంలోనే పడుతుంది, నలభై సెకన్లు, అంతకు మించి కురిపించే స్తోమత మాకు లేకపోయింది. ఈ జిల్లాలో పదమూడు నెలలుగా చుక్క రాలని ఏడాది అది. రెండు ట్యాంకర్ల నీళ్ళు తెప్పించి గొట్టాలతో పైనుంచి చిమ్మించాం, ఊరివాళ్ళు కంచె మీద మోచేతులు ఆనించి ఆ నీళ్ళు మట్టిలో ఇంకిపోవడం చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. గోధుమ పండించే ఈ ఊళ్ళలో ఏమీ అనకపోవడమంటే మర్యాదా కాదు, కోపమూ కాదు, తర్వాత అనడానికి దాచుకోవడం. ఇప్పుడు ఆ ఊరే, తొంభై నాలుగు మంది, శనివారం మధ్యాహ్నం భోజనాలు చేసి వచ్చి, కిటికీలకు నల్లగుడ్డ కట్టిన హాల్లో మడతకుర్చీల మీద కూర్చుని ఆ వానని తెరమీద చూస్తోంది. నేను హాలు వెనక వంటగదిలో ముక్కాలిపీట మీద ఉన్నాను. హాల్లోకి తెరుచుకునే వడ్డన కిటికీ చెక్కలు దించేసి ఉన్నాయి. ఎదురుగా ఐల్సా రొట్టెముక్కలకు వెన్న రాస్తోంది, ఎనభై రెండేళ్ళ మనిషి, అంచు దాకా రాస్తుంది, అంచు వదిలేస్తే కోడిగుడ్డు తడి రొట్టెలోకి దిగుతుందని నోటితో చెప్పదు, చెయ్యే చెబుతుంది. అందరూ లోపలికి వెళ్తుంటే ఆమె వెళ్ళలేదు, టీ నీళ్ళు కాగే డ్రమ్ము దగ్గర ఎవరో ఒకరు ఉండాలిగా అంది. ఉండి చేసేదేమీ లేదు, దానికి ఎర్రదీపం ఉంది, నీళ్ళు మరిగితే అదే ఆరిపోతుంది. నేను ఆమె వెంట వంటగదిలోకి వచ్చింది ఒక మాట చెప్పడానికి. నలభై అయిదు నిమిషాలున్నాయి.

చెప్పవలసిన మాట చిన్నదే. డల్సీ కథ ఈ దేశంలో ఇప్పటికి చాలామందికి తెలుసు, పత్రికల్లో మేమే రాయించాం. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ బోర్డు మీద పనిచేసే పిల్ల, పెళ్ళైతే ఆడదానికి ప్రభుత్వ కొలువులో శాశ్వత ఉద్యోగం ఉండని రోజులు, ఆమె బల్లరట్ వెళ్ళి రహస్యంగా లెన్‌ని పెళ్ళి చేసుకుంది, ఇద్దరూ వేరు వేరు రైళ్ళలో తిరిగొచ్చారు, ఉంగరం గొలుసుకు కట్టి లోదుస్తుల కింద వేసుకుంది, నాలుగేళ్ళు అలాగే గడిపింది, ఆదివారం చర్చిలో మొగుడికి ఆరు వరుసల దూరంలో కూర్చుంది. తర్వాత ఎవరో మెల్‌బోర్న్‌లోని తపాలా, టెలిఫోన్ శాఖ కార్యాలయానికి పేరులేని ఉత్తరం రాశారు. డల్సీని తీసేశారు. ఏడాదిన్నరకి ఆ నిబంధననే ఎత్తేశారు. ఆ ఉత్తరం ఎవరు రాశారో డల్సీ ఎప్పుడూ చెప్పలేదు, పదకొండు రోజులు ఆమె ఎదుట కూర్చుని మాటలు రికార్డు చేసుకున్నాను, ఆ చోటుకి రాగానే ప్రతిసారీ ఒకటే అంది, "ఎవరో రాశారు, పోనీలే పిల్లా." పోనీలే అన్నచోట సినిమా ఆగదు. కథ రాసినామె, మంచి రచయిత్రి, కలం పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి మెరిన్, గాల్లోంచి ఉత్తరం రాదు, అని నాతో అంది. పక్క బోర్డు మీద పనిచేసే పిల్లకు ఆ చెయ్యి ఇచ్చాం. సినిమాలో ఆమె పేరు నెల్. పక్క బోర్డు మీద నిజంగా పనిచేసింది ఐల్సా. పేరు మార్చాం కదా అని రచయిత్రి అంది, పేరు మార్చాం కదా అని దర్శకురాలు అంది, వాళ్ళ మాటనే నిర్మాతగా నేను వకీలుతో అన్నాను, ఆయన కాగితం మీద రాసుకున్నాడు. మూడు వందల మంది ఉండే ఊళ్ళో, ఇద్దరే పనిచేసిన ఎక్స్‌ఛేంజీలో, రెండోదాని పేరు మార్చామని మేము నలుగురం ఒకరికొకరం చెప్పుకున్నాం.

"అది సున్నం కొట్టిన గోడ కాదు! రేకు!" అని ముందు వరుసలో డల్సీ పక్కన కూర్చున్న థెల్మా గొంతు గోడ దాటి వచ్చింది, దాని వెనక నవ్వులు. మొదటి పది నిమిషాల్లోనే మొదలుపెట్టారు. పట్నంలో సినిమా చూసేవాళ్ళు చీకట్లో నోరు మూసుకుంటారు, ఇక్కడ సంతలో పశువుల్ని చూసినట్టు చూస్తారు, పళ్ళు లెక్కపెడతారు. ఎక్స్‌ఛేంజీ తలుపు ఆకుపచ్చది, మీరు నీలం వేశారు. అది వెర్న్ ట్రాక్టరు, వాడి తాత దగ్గర అది ఎప్పుడుంది? పద్దెనిమిదో నిమిషంలో చర్చి టీ బల్ల మీద స్పాంజి కేకు కనబడింది, హాలంతా ఒక్కసారి గాలి పీల్చుకుంది, నాకు అర్థం కాలేదు. ఐల్సా కత్తి ఆపకుండా అంది, "పైన చారలున్నాయా?" నేను గుర్తుచేసుకున్నాను, ఉన్నాయి, జాలీ చారలు, కళావిభాగం కుర్రది కేకుని తిన్నగా ఇనపజాలీ మీద బోర్లించి ఆరబెట్టింది. జాలీ మీద గుడ్డ పరిచి బోర్లించాలట. చారలు పడ్డ కేకు పోటీకి కాదు సరికదా, చావుఇంటికి కూడా పట్టుకెళ్ళరట. "మా అత్తగారైతే కోళ్ళకి వేసేది," అంది ఐల్సా. అదిగో, అప్పుడు చెప్పవలసింది, ఆమె నవ్వు మొహంతో ఉంది. ఐల్సా, మీతో ఒక మాట. నా నోటివెంట వచ్చింది మాత్రం, ఉల్లికాడలు తరగనా, అని. తరగమంది.

మా వృత్తిలో సినిమాని చెవితో చూడడం అలవాటవుతుంది. దర్శకులు తెర చూస్తారు, నటీమణులు తమ మొహాలు చూసుకుంటారు, నిర్మాత వెనక నిలబడి తలకాయల్ని చూస్తుంది, ఎవరి తల ఏ క్షణంలో పక్కకు తిరిగింది, ఎవరు చేతిసంచీలో చాక్లెట్ కాగితం వెతుక్కున్నారు. తలకాయలు కనబడని చోట కుర్చీల కిర్రుమనే చప్పుడు చాలు. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. తొమ్మిది సినిమాలు, తొమ్మిదింటిలోనూ కథ ఆడదానిది, దీన్ని నేనొక ప్రతిజ్ఞలాగా మొదలుపెట్టలేదు, నా తల్లి మూలంగా వచ్చింది. ఆమెకి సినిమాలంటే పిచ్చి, కానీ హాల్లోంచి బయటికి వస్తూ ఎప్పుడూ ఒకే తప్పు పట్టేది, ఆ పిల్ల టీ తాగింది, లేచి వెళ్ళిపోయింది, ఆ కప్పు ఎవరు కడిగారు? తలుపు దడాలున వేసి వెళ్ళిపోయిన కథానాయికలందరి వెనకా కడగని కప్పులు మిగిలిపోయేవి ఆమె లెక్కలో. నేను పెద్దదాన్నై పెట్టుబడి ఇచ్చేవాళ్ళ పొడుగుబల్లల ముందు కూర్చున్నప్పుడు అటువైపు మగవాళ్ళు అడిగే ప్రశ్న కూడా ఒకటే, ఇది ఎవరి కోసం? ఆడవాళ్ళ కోసం అంటే, అంటే ఎవరి కోసం అని మళ్ళీ అడిగేవాళ్ళు. ఇప్పుడు ఆ బల్లలకి అటువైపు ఆడవాళ్ళు కూడా కూర్చుంటున్నారు, వాళ్ళు ఆ ప్రశ్న అడగరు, బలమైన స్త్రీ కావాలి అంటారు. బలమైన స్త్రీని ఇచ్చాను. డల్సీ తెరమీద ఎప్పుడూ తల దించదు, ఎప్పుడూ అలసిపోదు, ఆ పిల్ల నడుము నిటారుగా పెట్టుకుని తిరుగుతుంది, చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. సోమవారం సిడ్నీలో పంపిణీదారు సంతకం పెడతాడు, దేశమంతా వంద తెరలకు పైగా, నా తొమ్మిది సినిమాల్లో ఏ ఒక్కటీ పన్నెండు తెరలు దాటలేదు. అతనికి అన్నిటికన్నా నచ్చిన సీను ఉత్తరం సీనే, అక్కడ ఒళ్ళు జలదరించిందన్నాడు.

డల్సీకి మాటిచ్చింది సంతకంలో లేదు, ఆమె పొలం గేటు దగ్గర చేతిలో చెయ్యి వేసి ఇచ్చాను, ముందు ఈ ఊళ్ళోనే చూపిస్తాను, చూశాక మీరు వద్దన్నది తీసేస్తాను. అప్పుడు ఆ మాట తేలిక. ఇప్పుడు కూర్పు పూర్తయింది, శబ్దం కలిపాం, రంగు దిద్దాం, ఒక్క షాటు కదిపినా మూడు గదుల్లో ముగ్గురు మనుషులు మళ్ళీ మొదటినుంచి కూర్చోవాలి. డల్సీ ముందు వరుసలో ఉంది, ఎనభై నాలుగేళ్ళు, ఊదారంగు కోటు వేసుకుని వచ్చింది, చెవిలో యంత్రం పెట్టుకుంటే ఈలలు వేస్తుందని తీసి సంచీలో వేసుకుంది, దానితో తన గొంతు ఎంత పెద్దదో ఆమెకే తెలియకుండా మాట్లాడుతుంది. "లెన్ అంత అందగాడు కాదు!" అని ఇందాకే అరిచింది, ఊరు పొర్లి పొర్లి నవ్వింది. ఆమె వద్దంటుందేమోనని నాకు నెలరోజులుగా నిద్రలో కూడా ఒక మూల పీకుతూనే ఉంది. ఐల్సా ఏమంటుందో అని పీకలేదు. ఇది ఇక్కడ, ఈ ఉల్లికాడలు తరుగుతూ గమనించాను.

ఎందుకు పీకలేదో కూడా తెలుసు. డల్సీతో పదకొండు రోజులు. ఐల్సాతో ఇరవై నిమిషాలు, అవీ బోర్డు ఎలా పనిచేసేదో తెలుసుకోవడానికి, తీగలు ఎన్ని, ఫోను వచ్చినప్పుడు బోర్డు మీద మూతలు పడితే చప్పుడు ఎలా ఉండేది, రాత్రి బోర్డు దగ్గర కప్పుకోవడానికి దుప్పటి ఇచ్చేవాళ్ళా. ఆమె చక్కగా చెప్పింది, చేత్తో చూపించింది, తర్వాత టీ పెట్టడానికి లేచింది. డల్సీతో మాట్లాడిన పదకొండు రోజులూ ఇదే హాల్లో కూర్చున్నాం, డల్సీ ఇంట్లో కుక్క మొరుగుతుందని, ఆ పదకొండు రోజులూ మాకు టీ ఇచ్చింది ఐల్సానే, హాలు తాళంచెవి ఆమె దగ్గర ఉంటుంది కాబట్టి. డల్సీకి పలచని టీ, చక్కెర లేకుండా, అందరికన్నా ముందు పోసేది. అడగకుండానే. ఇద్దరూ ఒకరితో ఒకరు వాతావరణం తప్ప ఇంకేం మాట్లాడలేదు, గాలి తిరిగింది డల్సీ, అవును తిరిగింది. ఆ రికార్డింగులన్నిటిలో డల్సీ మాటల వెనక కప్పుల చప్పుడు ఉంది, సాసరు మీద చెంచా, కొళాయి, గుడ్డ దులపడం. శబ్దం చూసేవాడు ఒక వారం కూర్చుని వాటిని ఒక్కొక్కటీ ఏరి తీసేశాడు. మాట శుభ్రంగా వినబడుతోందని నేను అతన్ని మెచ్చుకున్నాను. మా అమ్మ పోయి ఎనిమిదేళ్ళయింది, ఉంటే ఏమనేదో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

గోడకవతల నాట్యం సీను, వాయులీనం, బూట్ల చప్పుడు, అంటే యాభై నాలుగు. ఉల్లికాడలు అయిపోయాయి. కత్తి కింద పెట్టాను.

"ఐల్సా, మీకొక సంగతి చెప్పాలి. ముందే చెప్పాల్సింది."

"నెల్ గురించేగా," అంది ఆమె.

ఆమె నాలుగు రొట్టెముక్కలు ఒకదానిమీద ఒకటి పేర్చి, అరచేత్తో అదిమి, నాలుగువైపులా గట్టి అంచు కోసేసింది.

"థెల్మా మేనల్లుడు లేడూ, నాట్యం సీనులో వెనకాల గెంతుతున్నాడే, వాడికి మీవాళ్ళు సినిమా కథ కాగితాలు ఇచ్చారు. వాడు వాళ్ళత్తకి చూపించాడు. థెల్మాకి చూపిస్తే ఇక చర్చి గంట కొట్టక్కర్లేదు. పోయిన మార్చి నుంచీ తెలుసు నాకు."

"మరి ఒక్కమాట అనలేదేం?"

"నువ్వు అడగలేదుగా అమ్మాయ్." కోపంగా అనలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అంది. "అయినా ఊళ్ళో అందరూ అరవయ్యేళ్ళ నుంచి అనుకునేదే కదా, మీరు కొత్తగా ఏం కనిపెట్టారు కనక? పెళ్ళికి సాక్షి సంతకం పెట్టింది నేనూ, చర్చి ఊడ్చే మనిషీ. ఆవిడ బల్లరట్‌లో ఉండిపోయింది. ఇక మిగిలిందెవరు? పైగా డల్సీ పోయాక దాని కుర్చీ నాకే ఇచ్చారు. నేనైనా అలాగే అనుకుందును."

ఇక్కడ నేను ఒక ప్రశ్న అడిగాను, పదకొండు రోజుల్లో ఎవరినీ ఇంత సూటిగా అడగలేదు. "మీరే రాశారా?"

ఐల్సా తడిపి పిండిన గుడ్డ తీసి పళ్ళెం మీద కప్పింది, అంచులు లోపలికి మడిచింది. ఎక్స్‌ఛేంజీ ఉన్నది పోస్టాఫీసులోనే, తపాలా డబ్బా ఖాళీ చేసే పని నాది, అంది. సాయంత్రం అయిదింటికి తాళం తీస్తే పైనే ఉంది, శాఖ కార్యాలయం అడ్రసు, అన్నీ పెద్దక్షరాలు, ఎవరి చేతిరాతో తెలియకుండా. "కానీ కవరు లేత నీలం. ఆ కాగితాలూ కవర్లూ ఉన్న పెట్టె నేనే కొన్నా, దాని పెళ్ళికి. పాపం ఇంకెవరిచ్చారు దానికి కానుక? ఎవరికీ తెలీదుగా పెళ్ళైందని."

నాట్యం అయిపోయింది. చప్పట్లు సినిమాలోవి, మధ్యలో ఒకటో రెండో హాల్లోవి కూడా ఉన్నాయి. ఆమె చెప్పింది నాకు ముందు చెవికి ఎక్కి, తర్వాత ఎప్పటికో తలకెక్కింది. డల్సీ తన మీద తానే ఉత్తరం రాసుకుంది. ఎందుకు, అన్నాను. "అలిసిపోయింది," అంది ఐల్సా, "ఇంకెందుకు? ఉద్యోగం మానేస్తాను, నీ ఇంటికొచ్చేస్తాను అంటే లెన్ వచ్చే కోత దాకా ఆగు అనేవాడు. నాలుగు కోతలైపోయాయి. చెడ్డవాడేం కాదు, ఆగమనేవాడు, అంతే. తనంత తాను మానేస్తే అతని మాట కాదన్నట్టవుతుంది. వాళ్ళు తీసేస్తే ఎవరి తప్పూ ఉండదు." మరి మీరు ఆ కవరు ఏం చేశారు, అన్నాను. ఆమె నా వంక విచిత్రంగా చూసింది. "ముద్ర వేశా. సంచిలో వేశా. నా పని అదేగా." మీకు తెలుసని డల్సీకి తెలుసా? "ఆ డబ్బా రోజూ ఎవరు తెరుస్తారో దానికి తెలీదా? చూసి చూసి నీలం కవరే ఎందుకు వాడింది మరి?" అది ప్రశ్న కాదు. అరవై ఏళ్ళుగా ఎన్నోసార్లు తిరగేసి, అరగదీసి, నునుపు చేసిన మాట. నాకు ఇలా అనిపించింది, ఎవరైనా ఒక్కరికి చెప్పకుండా చెప్పాలని ఆ పిల్ల నీలం కవరు వాడింది, ఐల్సా విన్నదని తెలిశాక ఆమె మొహం చూడలేకపోయింది. ఇది నా ఊహ, సినిమావాళ్ళ ఊహ. దీన్ని నమ్మకూడదు.

లెన్ ఐల్సాతో మళ్ళీ మాట్లాడలేదట. ఎదురొస్తే టోపీ తీసేవాడు, మాట మాత్రం లేదు. ఆమె వేరే ఊరి రైల్వే మనిషిని చేసుకుంది, ఈ ఊరి కబుర్లు తెలియనివాణ్ణి, అతనికీ ఏడాదిలో తెలిసిపోయాయి. నిజం చెబితే డల్సీ కాపురం ఏమయ్యేదో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. లెన్ పోయి తొమ్మిదేళ్ళయింది కదా, అప్పుడైనా చెప్పొచ్చుగా అన్నాను. "అతని చావుకి టీలు పెట్టింది నేనే. అప్పుడు చెప్పమంటావా, కప్పు చేతికిస్తూ?" అని నవ్వింది. తర్వాత, "ఇలాంటివి చెప్పడానికి ఒక వేళ రావాలి. అది రాలేదు. రాకపోతే ఏం చేస్తాం, రొట్టెలు కోస్తాం," అంది.

ఎక్స్‌ఛేంజీలో తీగలు పీకే చప్పుడు, పోస్టుమాస్టరు దగ్గు. అరవై ఏడు. నేను లేచాను. సినిమా ఆడిస్తున్న యంత్రం హాల్లో వెనక గోడ దగ్గర బల్ల మీద ఉంది, ఈ తలుపు తీస్తే ఎనిమిది అడుగులు, ఒక్క మీట. యంత్రం మొరాయించిందని చెబుతాను, ముందు టీలు కానిద్దాం అంటాను, టీ అంటే ఈ ఊరు ఏదైనా క్షమిస్తుంది, సోమవారం సంగతి సోమవారం. ఈ ఆలోచనంతా చాలా శుభ్రంగా, ఒకదాని తర్వాత ఒకటి వచ్చింది, షూటింగులో వర్షం వచ్చి ఏ సీను ముందుకు జరపాలో చూసుకునేటప్పుడు వచ్చినట్టే. పందొమ్మిదేళ్ళుగా నన్ను బతికించింది ఈ చల్లదనమే, దీన్ని ఇతరులు ధైర్యం అనుకుంటారు.

"కూర్చో," అంది ఐల్సా.

"ఇంకా నాలుగు నిమిషాలున్నాయి, ఆపేస్తాను."

"ఆపితే ఎందుకాపావని తొంభై మందీ వెనక్కి తిరిగి ఈ కిటికీ కేసి చూస్తారు. కథ వాళ్ళకి తెలుసంటుంటే! ఎక్కడ ఆగిందో చూస్తే చాలదూ? తెరమీద నెల్ రాస్తే దాన్ని సినిమా అంటారు. నువ్వు ఆపితే అది నిజం." కత్తిని గుడ్డతో తుడిచింది, ఒకవైపు, తర్వాత రెండోవైపు. "కూర్చో తల్లీ. ఆ దోసకాయ సన్నగా తరుగు, అవతల కనబడాలి."

తలుపు పిడి మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఆమె చెప్పింది సరైనదే, దానిలో వెతికినా తప్పు దొరకలేదు. ఆపినా ఆమె మీదే పడుతుంది, ఆపకపోయినా ఆమె మీదే పడుతుంది, ఇలా రెండువైపులా మూసుకుపోయిన దారిని నేనే, డబ్బు సమకూర్చి, మనుషుల్ని కూర్చి, మూడేళ్ళు కష్టపడి కట్టాను. ఆడవాళ్ళ కథ. ఆడదాన్ని ఆడదే పట్టించిందంటే ఎవరికీ సందేహం రాదు, పంపిణీదారుకు ఒళ్ళు జలదరిస్తుంది. సోమవారం కాదు, రేపే అతనికి ఫోన్ చేసి సీను తీసేస్తున్నానని చెప్పాలి, అతను ఒప్పుకోడు, వంద తెరలు మళ్ళీ పన్నెండవుతాయి, అది తేలిన విషయమే, దాని గురించి ఇప్పుడు ఆలోచించడానికేమీ లేదు. కానీ ఈ హాల్లో తొంభై నాలుగు మంది చూశాక వంద తెరల మీద తీసేసి ఏం లాభం? ఆమె ఉండేది వంద తెరల్లో కాదు, ఈ ఊళ్ళో. వెనక్కి వచ్చి కూర్చున్నాను. దోసకాయ తరిగాను. సన్నగా రాలేదు.

డెబ్బై ఒకటి. ఈ సీనులో సంగీతం లేదు, వద్దని నేనే పట్టుబట్టాను. కుర్చీ లాగిన చప్పుడు, కాగితం, తర్వాత కలం పాళీ, ముప్పై ఎనిమిది సెకన్లపాటు ఒక్క కలం పాళీ గీరుకోవడం. నెల్ తన గదిలో కిటికీ కింద బల్ల దగ్గర కూర్చుని రాస్తుంటుంది, దీపం ఒకవైపు నుంచి, మొహంలో సగం చీకటి, ఆ పిల్ల బాగా చేసింది. హాల్లో ఇందాకటి నుంచి ఆగని గుసగుసలు ఆగిపోయాయి. తలుపు ఆకుపచ్చ అన్నవాళ్ళు, ట్రాక్టరు వెర్న్‌ది అన్నవాళ్ళు, ఎవరూ ఏమీ అనలేదు, కుర్చీ కూడా కిర్రుమనలేదు, అంతమంది ఒకేసారి కదలకుండా కూర్చోవడానికి కారణం ఒకటే, ఎవరికి వారు వడ్డన కిటికీ వైపు చూడకుండా ఉండడానికి మెడ బిగబట్టుకున్నారు. ఐల్సా కత్తి పట్టుకుని నిలబడి వింటోంది. మొహంలో ఏమీ లేదు. ఫోను మోగుతుందేమోనని బోర్డు దగ్గర కూర్చున్నవాళ్ళు ఇలాగే వింటారనుకుంటాను, మోగాలనీ కాదు, మోగకూడదనీ కాదు.

"తప్పు!"

డల్సీ గొంతు. చెవిలో యంత్రం లేని మనిషి, మైలు అవతల ట్రాక్టరు మీద ఉన్నవాణ్ణి పిలిచినట్టు మాట్లాడుతుంది. "బల్ల ఎక్కడిది నాకు? ఆ అద్దె గదిలో బల్లే లేదు. మంచం మీద కూర్చుని, ఒళ్ళో ట్రే పెట్టుకుని రాశాను."

కలం పాళీ ఇంకా గీరుకుంటోంది.

"ఏమే డల్సీ," అని థెల్మా, మొదటిసారి మెల్లగా, "ఏం రాశావంటున్నావే?"

"ఆ ఉత్తరమే! ఇంకే ఉత్తరం? ఐల్సా రాయలేదు, నేనే రాశాను. చెబుతుంటే ఏమిటట్లా గుడ్లప్పగించి చూస్తావ్, తెర చూడు, అయిపోతుంది."

తపాలా డబ్బా మూత పడిన చప్పుడు, అది సినిమాలోది. తర్వాత పోస్టుమాస్టరు నడక, రైలు కూత, ఒకదాని వెనక ఒకటి, కూర్చిన వరుసలోనే నడుస్తున్నాయి, వాటికి తెలియదు. ఒక్క మగగొంతు "దేవుడా" అంది, ఎవరో దాన్ని ఉష్ అన్నారు. నా సినిమాకి ఇప్పుడు నడుం లేదు, అని అనుకున్నాను, డెబ్బై ఒకటో నిమిషం నుంచి చివరి దాకా ఉన్నదంతా తీసేయాలి, నిటారుగా నడిచే ఆ పిల్లని మంచం మీద కూర్చోబెట్టాలి, ఒళ్ళో ట్రే, నాలుగేళ్ళ అలసట, నీలం కాగితం, ఆ నటి ఇప్పుడు న్యూజిలాండ్‌లో ఇంకో షూటింగులో జుట్టు కత్తిరించుకుని ఉంది, వసంతకాలానికి తప్ప దొరకదు. ఇదంతా నేను కావాలని అనుకోలేదు, అలవాటు కొద్దీ తల లెక్కలు కడుతూ పోతోంది, కళ్ళు మాత్రం ఐల్సా చేతుల మీద ఉన్నాయి. ఆమె కోయవలసిన రొట్టెముక్క ఇంకొకటి ఉంది. కోసింది. నాలుగు త్రికోణాలు చేసింది, పళ్ళెంలో ఖాళీ ఉన్నచోట సర్దింది.

"ఇంకా ఎంతసేపుంది?" అంది.

"పదిహేను నిమిషాలు."

"చివర్న ఏమవుతుంది?"

"తెలీదు," అన్నాను. "అది మార్చాలి."

ఆమె తల ఊపింది. చేతులు కడుక్కుంది, వేళ్ళ సందుల్లో కూడా, కడుక్కుని తుడుచుకుంది, నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి కుర్చీ వెనక వేసింది, అద్దం లేదు కాబట్టి కిటికీ గాజులో చూసుకుని జుట్టు ఒకసారి అదుముకుంది. తర్వాత నేను తీయలేని ఆ తలుపు తీసుకుని చీకట్లోకి వెళ్ళింది. తలుపు మెల్లగా మూసుకుంది, సందులోంచి తెర వెలుతురు ఒక క్షణం నేల మీద పడి పోయింది. నేను విన్నాను. ఆమె చెప్పుల చప్పుడు నడవలో సగం దాకా వెళ్ళి ఆగింది, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు. ముందు వరుసలోంచి డల్సీ, ఈసారి కూడా గొంతు తగ్గించకుండా, "థెల్మా, జరుగు," అంది. ఒక మడతకుర్చీ చెక్కనేల మీద కీచుమంది, దాని పక్కది, దాని పక్కది, వరుస చివరిదాకా ఒక్కొక్కటే జరిగాయి. అదే చోట నేను ఎంతో బతిమాలి చేయించుకున్న సంగీతం రావాలి, ఒక్క వాద్యం, చాలా మెల్లగా మొదలవుతుంది. వచ్చే ఉంటుంది. కుర్చీల చప్పుడులో నాకు వినబడలేదు.